సినిమా 5.1 ఆడియోలోంచి ఆర్ఆర్ మాత్రమే విడిగా తీయడం ఎలా?

ఆర్ఆర్_ప్రేమికుడు (విజయవాడ)

అందరికీ నమస్కారం. 2000ల మొదట్లో వచ్చిన ఒక తెలుగు సినిమా ఒరిజినల్ డీవీడీ నా దగ్గర ఉంది. ఏ సినిమా అన్నది రాయను, రాస్తే చర్చ అభిమానుల గొడవలోకి పోతుంది. పాటల సీడీ అప్పట్లోనే వచ్చింది కానీ ఆర్ఆర్, అంటే రీరికార్డింగ్, సీన్ల వెనక నడిచే సంగీతం, ఎక్కడా దొరకదు. ఆ రోజుల్లో పాటలు వేసి ఊరుకునేవాళ్ళు కదా, రీరికార్డింగ్‌ని కూడా ఆల్బమ్‌గా వేస్తే కొనేవాళ్ళుంటారని ఎవరూ అనుకోలేదు. ఇంటర్వెల్‌కి ముందు రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక సీనుంది, తండ్రి కొడుకుని సాగనంపుతాడు, మాటలు తక్కువ, వేణువు నడుస్తూ ఉంటుంది, కింద వయొలిన్లు. ఆ ముక్క ఒక్కటి శుభ్రంగా వినాలని నా కోరిక.

ఆడియో డాల్బీ డిజిటల్ 5.1, 448 కేబీపీఎస్. ఆరు చానెళ్ళు (ముందు ఎడమ, కుడి, సెంటర్, వెనక ఎడమ, కుడి, అడుగు శబ్దాల ఎల్ఎఫ్ఈ) విడదీసి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పెట్టాను. డైలాగులన్నీ సెంటర్‌లో ఉంటాయి కాబట్టి సెంటర్ మ్యూట్ చేస్తే మిగిలేది సంగీతమే అని చాలాచోట్ల రాస్తారు. నిజానికి మిగిలింది ఏమిటంటే: ఎడమ కుడుల్లో వయొలిన్లు బాగానే ఉన్నాయి, వాటి మీద రైలు చప్పుడు, అడుగులు, జనం. వెనక చానెళ్ళలో తండ్రి మాట ప్రతిధ్వని లాగా వినపడుతోంది. వేణువు సగం పోయింది. అన్నిటికంటే విచిత్రం, మాట లేకపోయినా ఆ మాటలోని "స", "శ" మాత్రం ఎడమ కుడుల్లో సన్నగా బుసకొడుతున్నాయి. ఇక్కడినుంచి ఎటు వెళ్ళాలి?

సబ్‌వూఫర్_సత్తి (డల్లాస్)

అన్నా, ముందు ఒక మాట. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు హోమ్ థియేటర్ మీద విని చూడండి, ఏ చానెల్‌లో ఏముందో చెవికి త్వరగా తెలుస్తుంది. రిసీవర్ ఆపేసి సెంటర్ స్పీకర్ వైరు తీసేయండి. సెట్టింగ్స్‌లో మాత్రం సెంటర్ స్పీకర్ లేదు అని పెట్టొద్దు! అలా పెడితే రిసీవర్ ఆ డైలాగులన్నీ తీసుకెళ్ళి ఎడమ కుడి స్పీకర్లలో కలిపేస్తుంది, మీరు చేసిన పని వృథా. చాలామంది "సెంటర్ తీసినా మాటలు వస్తున్నాయి" అని ఇక్కడే తికమక పడతారు.

తర్వాత వెనక స్పీకర్లు మాత్రమే వదిలి మిగతావి తీసి వినండి. మన సినిమాల్లో చాలావాటికి వెనక చానెళ్ళలో సంగీతం ఎంత విడిగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు, ముఖ్యంగా కోరస్, స్ట్రింగ్స్.

పాతరీలు (తెనాలి)

అది నిజంగా 5.1 మిక్సేనా అన్నది ముందు చూసుకోండి. పాత సినిమాలకు డీవీడీ వేసేటప్పుడు మోనో ట్రాక్‌నే ఆరు చానెళ్ళకు పంచి అట్ట మీద 5.1 అని వేసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. పరీక్ష తేలిక. ఎడమ చానెల్ తీసుకుని, కుడి చానెల్‌ని తలకిందులు చేసి, అంటే ఇన్వర్ట్ చేసి రెండూ కలపండి. నిశ్శబ్దం వస్తే రెండింట్లో ఉన్నది ఒకటే, అది మోనో. అలాంటి డిస్కుతో చానెళ్ళు విడదీసి లాభం లేదు, అన్నిట్లోనూ అన్నీ ఉంటాయి. 2000ల సినిమా అన్నారు కాబట్టి మీది అసలైన మిక్సే అయి ఉంటుంది, వర్ణన చూస్తే కూడా అలాగే ఉంది.

మిక్సింగ్‌బల్ల (హైదరాబాద్)

నేను ఒక మిక్సింగ్ థియేటర్‌లో అసిస్టెంట్‌గా పనిచేస్తాను, కాబట్టి ఇవతలి వైపు నుంచి చెప్తాను, కాస్త పెద్దగా ఉంటుంది.

ఫైనల్ మిక్స్‌లో మూడు గుట్టలు ఉంటాయి: డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్. ఒక్కొక్కదాన్ని విడి స్టెమ్‌గా రికార్డు చేసి పెట్టుకుంటారు. డబ్బింగ్ కోసం డైలాగ్ లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్ తయారుచేస్తారు, దాన్నే ఎమ్ అండ్ ఇ అంటాం. అంటే మీరు వెతుకుతున్న సంగీతం విడిగా, 5.1లో, శుభ్రంగా ఏదో ఒక హార్డ్ డిస్కులో ఉండే ఉంటుంది, లేదా ఉండేది. పాత సినిమాల డిస్కులు పాడయ్యాయో, ఎవరి బీరువాలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. ముప్పై నలభైమంది వయొలిన్ల వాళ్ళు కూర్చుని వాయించింది అడుగుల చప్పుడు కింద మిగిలిపోయింది.

ఇక మీ డిస్కు. డైలాగ్ సెంటర్‌లో పొడిగా ఉంటుంది, నిజమే. కానీ ప్లాట్‌ఫారం లాంటి చోటు అనిపించడానికి డైలాగ్‌కి రివెర్బ్, అంటే ఆ చోటి ప్రతిధ్వని, వేస్తాం, ఆ రివెర్బ్‌ని ఎడమ కుడికీ, వెనక్కీ పంపుతాం. మీకు వెనక వినపడుతున్న తండ్రి గొంతు అదే. వేణువు సగం పోవడానికి కారణం, సోలో వాయిద్యాన్ని కొంతమంది ఇంజినీర్లు కొంచెం సెంటర్‌కి కూడా ఇస్తారు, హాల్లో పక్క సీట్లో కూర్చున్నవాడికి కూడా అది తెర మధ్యలోనుంచే రావాలని. కాబట్టి సెంటర్‌ని పూర్తిగా పారేస్తే సంగీతాన్ని కూడా పారేసినట్టే. డైలాగ్ లేని చోట్ల సెంటర్ ఉంచండి, ఉన్నచోట మాత్రమే దాన్ని శుభ్రం చేయాలి.

"స" బుస సంగతి వేరు, అది మిక్సింగ్‌లో రాలేదు, డాల్బీ డిజిటల్ కంప్రెషన్‌లో వచ్చింది. బిట్లు ఆదా చేయడానికి ఆ కోడెక్ ఒక హద్దు దాటిన పై ఫ్రీక్వెన్సీలను చానెల్ చానెల్‌కీ విడిగా దాచదు, అన్నిటినీ కలిపి ఒకే కట్టగా దాచి, ఒక్కో చానెల్‌కి ఎంత గట్టిగా వినిపించాలో మాత్రం రాసుకుంటుంది. దీన్ని కప్లింగ్ అంటారు. ఆరు స్పీకర్లూ మోగుతుంటే చెవికి తేడా తెలియదు. సెంటర్ ఆపేసరికి ఆ కట్టలోని "స", "శ" ఎడమ కుడుల్లో దొరికిపోతాయి. ఈ ఇబ్బంది బ్లూరేల్లోని డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో, డాల్బీ ట్రూహెచ్‌డీల్లో రాదు, అవి నష్టం లేకుండా దాచుతాయి.

ఇంకొకటి. డీకోడ్ చేసేటప్పుడు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (డీఆర్‌సీ), అంటే గట్టి శబ్దాలకీ మెల్లని శబ్దాలకీ ఉన్న తేడా తగ్గించడం, ఆపారా? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ డాల్బీ డిజిటల్‌ని విప్పేటప్పుడు, మనం వద్దనకపోతే, డిస్కులో రాసి ఉన్న ఆ కంప్రెషన్‌ని వర్తింపజేస్తుంది. డీఆర్‌సీ స్కేల్ అనే విలువని సున్నా చేసి మళ్ళీ తీయండి. రైలు కూత వచ్చినప్పుడల్లా వయొలిన్లు కిందికి కుంగుతుంటే కారణం అదే కావచ్చు.

ఆర్ఆర్_ప్రేమికుడు

అయ్యా, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు డీఆర్‌సీ సున్నా చేసి తీశాను, కూత దగ్గర వయొలిన్లు కుంగడం నిజంగానే ఆగింది. ఎల్ఎఫ్ఈ చానెల్‌ని ఏం చేయాలి?

సబ్‌వూఫర్_సత్తి

దాంట్లో 120 హెర్ట్జ్ లోపు మాత్రమే ఉంటుంది, ఎక్కువగా పేలుళ్ళు, దెబ్బలు. ఈ సీనుకి అక్కర్లేదు. ఫైట్ల ఆర్ఆర్ అయితే డ్రమ్స్ అడుగు భాగం అక్కడికి పంపి ఉంటారు, అప్పుడు కావాలి. ప్లేబ్యాక్‌లో ఎల్ఎఫ్ఈకి 10 డెసిబెల్స్ అదనం ఇస్తారని గుర్తుంచుకోండి, ఆడాసిటీలో మీరే పెంచాలి, లేకపోతే పలచగా ఉందని అనుకుంటారు.

కోడ్‌గాడు (బెంగళూరు)

ఇవన్నీ ఎందుకండీ, డెముక్స్ అనే ఏఐ ప్రోగ్రామ్‌లో వేసేయండి. వోకల్స్ విడిగా వస్తాయి, అయిపోయింది.

మిక్సింగ్‌బల్ల

అవదండీ. డెముక్స్, స్ప్లీటర్ లాంటివి పాటల మీద నేర్చుకున్నవి. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని విడదీస్తాయి. రైలు అంటే ఏమిటో వాటికి తెలియదు. మేం సరదాకి ఒక ఫైట్ సీను వేసి చూస్తే కత్తుల చప్పుడంతా డ్రమ్స్‌లోకి వెళ్ళింది, వాన "మిగతావి"లో వయొలిన్ల పక్కన కూర్చుంది. సినిమాకి కావాల్సింది మాట, సంగీతం, ఎఫెక్ట్స్ అని మూడుగా విడదీసే మోడల్. అవి వేరే ఉన్నాయి.

కోడ్‌గాడు

ఒప్పుకుంటాను, ఆ మూడు ముక్కల మోడళ్ళ గురించి నాకు తెలిసింది రాస్తాను. మిత్సుబిషీ ఎలక్ట్రిక్ పరిశోధన కేంద్రం వాళ్ళు 2021లో "డివైడ్ అండ్ రీమాస్టర్" అనే డేటాసెట్ తయారుచేశారు. మాటలు ఒకచోటి నుంచి, సంగీతం ఒకచోటి నుంచి, చప్పుళ్ళు ఇంకోచోటి నుంచి తెచ్చి సినిమా మిక్స్ లాగా కలిపి, దాని మీద మోడళ్ళకు శిక్షణ ఇస్తారు. 2023లో జరిగిన సౌండ్ డీమిక్సింగ్ పోటీలో సినిమా ఆడియోకి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. తర్వాత "బ్యాండిట్" అనే మోడల్ వచ్చింది, కోడ్ బయటే ఉంది. మొదటి డేటాసెట్‌లో మాటలన్నీ ఇంగ్లీషు ఆడియో పుస్తకాలవి, తర్వాతి రూపంలో చాలా భాషలు చేర్చారు.

వాడేటప్పుడు మాత్రం ఆరు చానెళ్ళనూ స్టీరియోగా కలిపేసి వేయొద్దు, అది చాలామంది చేసే పని. ముందు ఎడమ కుడి ఒక జత, వెనక ఎడమ కుడి ఒక జత, సెంటర్ ఒక్కటీ మోనోగా, మూడుసార్లు విడివిడిగా వేయండి. సెంటర్‌లో మాట గట్టిగా ఉంటుంది, ఎడమ కుడుల్లో నీడలాగా ఉంటుంది, రెండూ కలిపితే ఉన్న తేడా పోగొట్టుకున్నట్టే.

మిక్సింగ్‌బల్ల

అవును, ఇంకో కారణం కూడా ఉంది. డాల్బీ డిజిటల్ ఎన్‌కోడ్ చేసేటప్పుడు వెనక చానెళ్ళ ఫేజ్‌ని, అంటే శబ్ద తరంగం దశని, 90 డిగ్రీలు తిప్పే ఆప్షన్ ఉంటుంది, చాలామంది దాన్ని ఆన్ చేసే ఉంచుతారు. అలాంటి డిస్కులో ముందు వయొలిన్లనీ వెనక వయొలిన్లనీ నేరుగా కలిపితే శబ్దం రంగు మారిపోతుంది. చివరిదాకా విడిగానే ఉంచండి.

వీణ_టీచర్ (రాజమండ్రి)

నాకు ఈ సాంకేతికాలు అంతగా తెలియవు కానీ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. నా విద్యార్థులకు సినిమా ఆర్ఆర్‌లోని ముక్కలు స్వరపరిచి ఇస్తుంటాను, పిల్లలకి చాలా ఇష్టం. డీవీడీ పెట్టి వింటూ రాస్తే ఒక్కో సినిమా శ్రుతి ఆల్బమ్‌తో కలవదు. అదే పాట సీడీలో ఒక శ్రుతి, డీవీడీలో కొంచెం ఎక్కువ. నా వీణకి రెండూ అందవు. మీరు చేసే పనికి ఇది అడ్డు రాదా?

పాతరీలు

వస్తుందమ్మా, మీ చెవి గొప్పది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీలో సెకనుకి 25. చాలా డిస్కుల్లో బొమ్మని అలాగే వేగం పెంచి ఎక్కించేస్తారు, దాంతో ఆడియో కూడా 4 శాతం పైన వేగం పెరిగి శ్రుతి పైకి పోతుంది. హార్మోనియం మీద పక్క మెట్టుకి పది భాగాలు చేస్తే అందులో ఏడు భాగాలంత. అందుకే మీకు అటూ కాక ఇటూ కాక ఉంది. ఆడాసిటీలో చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) అని ఉంటుంది, అక్కడ మైనస్ 4 శాతం పెడితే అసలు శ్రుతికి వస్తుంది. చేంజ్ టెంపో, చేంజ్ పిచ్ కాదు, స్పీడే. మన డిస్కుల్లో ఎన్టీఎస్‌సీ అనే ఇంకో టీవీ పద్ధతివీ చాలా ఉన్నాయి, వాటిలో ఈ తేడా చెవికి తెలియనంత తక్కువ.

వీణ_టీచర్

చేసి చూశాను. పాట సీడీతో కలిసింది! ఎన్నో ఏళ్ళుగా మా టీవీదే తప్పనుకుంటున్నాం.

ఆర్ఆర్_ప్రేమికుడు

కోడ్‌గాడు గారు చెప్పినట్టు మూడు భాగాలుగా వేశాను. ఎడమ కుడుల్లో రైలు దాదాపు పోయింది, చాలా సంతోషం. సెంటర్‌లో మాత్రం చిక్కు. తండ్రి మాట్లాడేచోట వేణువుని కూడా మాటగా తీసుకుని పట్టుకుపోతోంది, ముఖ్యంగా గమకం ఉన్నచోట. స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపించే బొమ్మ, పెట్టి చూస్తే ఎందుకో అర్థమైంది. అడుగులు నిలువు గీతలు, వాటిని గుర్తుపట్టడం తేలిక. వయొలిన్లు అడ్డంగా తిన్నటి గీతలు. వేణువు గమకం మాత్రం అలలాగా పైకి కిందికి ఊగుతుంది, తండ్రి గొంతు కూడా అలాగే ఊగుతుంది, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డచోట మనిషి కంటికే తెలియడం లేదు. ఐజోటోప్ ఆర్ఎక్స్ అనే ఆడియో శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో డైలాగ్ ఐసోలేట్ కూడా చూశాను, అక్కడా అదే కథ.

మిక్సింగ్‌బల్ల

ఆ సినిమాకి తమిళ డబ్బింగ్ వచ్చిందా? డిస్కు దొరుకుతుందా?

ఆర్ఆర్_ప్రేమికుడు

వచ్చింది, హిందీ కూడా వచ్చింది. రెండు డిస్కులూ పాత షాపుల్లో దొరుకుతాయి. ఎందుకండీ?

మిక్సింగ్‌బల్ల

అయితే మీ పని సగం అయినట్టే. డబ్బింగ్‌కి పంపేది ఎమ్ అండ్ ఇ అని చెప్పాను కదా. అంటే తమిళ డిస్కులో ఉన్న వేణువు, రైలు, అడుగులు అన్నీ తెలుగులో ఉన్నవే, మారింది మాట ఒక్కటే. మన సినిమాల్లో షూటింగ్‌లో పట్టిన శబ్దం వాడటం తక్కువ, అడుగులు, తలుపులు, బట్టల చప్పుడు అన్నీ తర్వాత విడిగా చేస్తారు, అందుకని ఎమ్ అండ్ ఇ నిండుగా ఉంటుంది, డబ్బింగ్‌లో ఏమీ తగ్గదు.

ఇప్పుడు తండ్రి తెలుగులో "వెళ్ళిరా" అన్న క్షణంలో తమిళ తండ్రి నోట్లోంచి వేరే శబ్దం వస్తుంది, వేరే ఫ్రీక్వెన్సీల్లో. ఆ ఒక్క క్షణంలో మూడు భాషల్లోనూ ఒకేలా ఉన్నది సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే. ఒకేలా ఉన్నదాన్ని ఉంచి, ఒక్క భాషలోనే ఉన్నదాన్ని తీసేయాలి.

కోడ్‌గాడు

ఇది అద్భుతంగా ఉంది!! ఆలోచించే కొద్దీ, మనవాళ్ళకి ఉన్నంత సౌకర్యం ఇంకెవరికీ లేదనిపిస్తోంది. పాన్ ఇండియా సినిమా అంటే ఐదు భాషలు, ఒకే ఆర్ఆర్.

లెక్క ఇలా చేయొచ్చు. మూడు సెంటర్ చానెళ్ళనూ చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూడాలి, అదే ఎస్‌టీఎఫ్‌టీ. ప్రతి చిన్న గడిలో మూడు విలువలు వస్తాయి. వాటిని వరసగా పెట్టి మధ్యలోది తీసుకోవాలి, అంటే మీడియన్. తెలుగులో మాట ఉండి మిగతా రెంట్లో అక్కడ మాట లేకపోతే తెలుగు విలువ పైకి ఉంటుంది, మధ్యది సంగీతం విలువే అవుతుంది. పైథాన్‌ ప్రోగ్రామింగ్ భాషలో లిబ్రోసా, నంపై అనే లైబ్రరీలు ఉంటే చిన్న ప్రోగ్రామ్, నేను రాసి రేపు ఇక్కడ పెడతాను.

రెండే భాషలుంటే మీడియన్ కుదరదు, రెంట్లో తక్కువది తీసుకోవాలి. కానీ ఎప్పుడూ తక్కువదే ఏరుకుంటూ పోతే సంగీతం కూడా నీరసపడుతుంది, నీళ్ళలోంచి విన్నట్టుంటుంది, ఎందుకంటే కంప్రెషన్ వల్ల ఒక్కో డిస్కులో ఒక్కో గడి కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. అందుకే మూడు భాషలు కావాలి, ఐదైతే ఇంకా మంచిది.

పాతరీలు

అందరూ అలైన్‌మెంట్ మర్చిపోతున్నారు. మూడు భాషల ట్రాకులూ సరిగ్గా ఒకే చోట నిలబడకపోతే ఈ లెక్క పనిచేయదు. ఒక డిస్కు 24, ఒకటి 23.976 ఫ్రేముల లెక్కన ఉంటే తేడా వెయ్యిలో ఒకటే, చెవికి తెలియదు, కానీ రెండున్నర గంటల సినిమాలో చివరికి వచ్చేసరికి తొమ్మిది సెకన్లు జారిపోతుంది. పైగా డబ్బింగ్‌లో కామెడీ ట్రాక్ కోసేస్తారు, ఒక పాట ఎత్తేస్తారు. ఒక్కో సీనుకి విడిగా కలుపుకోవాల్సిందే.

మిక్సింగ్‌బల్ల

కలిపేటప్పుడు సెంటర్ మీద ఆధారపడొద్దు, ఎడమ చానెల్ వాడండి, అందులో మాట నీడ తప్ప ఉండదు కాబట్టి రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి కలిపి, అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ ఎక్కువ నిశ్శబ్దం వస్తుందో చూడండి. సెకనుకి 48 వేల శాంపిళ్ళు (శబ్దాన్ని కొలిచిన ముక్కలు) ఉంటాయి, వాటిలో రెండు తప్పినా 10 వేల హెర్ట్జ్ దగ్గర రద్దవడం మానేసి ఒకదానికొకటి తోడై ఇంకా గట్టిగా వినపడతాయి. కింది స్వరాలు పోయి పైన బుస మిగిలితే ఇంకా ఒకటి రెండు శాంపిళ్ళు జరపాలని అర్థం. వేర్వేరు డిస్కులు కాబట్టి పూర్తి నిశ్శబ్దం రాదు, ఎదురుచూడకండి. మీడియన్‌కి అంత సూక్ష్మం అక్కర్లేదు కూడా, ఆ ముక్క పొడవుతో పోలిస్తే రెండు మూడు శాంపిళ్ళు లెక్కలోకి రావు.

లెవెళ్ళు కూడా ఒకటి చేసుకోండి. హిందీ వాళ్ళు మళ్ళీ మిక్స్ చేసుకుని మాట కింద సంగీతాన్ని ఇంకా తగ్గించి ఉంటే ఆ చోట హిందీని వదిలేయాలి.

లా_పాయింట్ (వరంగల్)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, చర్చ డిస్కుల రిప్పింగ్ దాకా వచ్చింది కాబట్టి చెప్పాలి. మన కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకి కొంత వెసులుబాటు ఇస్తుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ డిజిటల్ తాళాలు తీయడం గురించి, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంది. మీరు కొన్న డిస్కుని ఇంట్లో విని నేర్చుకోవడం వేరు, తీసిన ఆర్ఆర్‌ని యూట్యూబ్‌లో పెట్టడం వేరు. రెండోది ఖచ్చితంగా ఇబ్బంది, ఆర్ఆర్ హక్కులు ఎవరో ఒకరివి. ఓటీటీ స్ట్రీమ్‌లని పగలగొట్టడం గురించి ఇక్కడ దయచేసి ఎవరూ రాయకండి.

డల్లాస్ వాళ్ళూ, మీ దగ్గర 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ఇంకా కఠినం, చూసుకోండి.

సబ్‌వూఫర్_సత్తి

అర్థమైంది సార్. ఒక్క సంగతి చెప్పాలని ఉంది. ఇక్కడ ట్వైలైట్ టైమ్ అని ఒక చిన్న సంస్థ 2011లో మొదలై, పాత హాలీవుడ్ సినిమాలను ఎక్కువగా మూడు వేల కాపీలే బ్లూరేలుగా వేసేది. వాటిలో చాలా డిస్కుల్లో సంగీతం మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి విడిగా ఇచ్చేవాళ్ళు. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కితే సినిమా అంతా మాటల్లేకుండా సంగీతంతో నడుస్తుంది. ఆ సంస్థ 2020లో మూతపడింది, ఆ డిస్కులు ఇప్పటికీ మంచి ధర పలుకుతాయి. మన దగ్గర ఒక్క నిర్మాత ఇలా చేసినా నేను పది కొంటాను. స్టెమ్‌లు ఉన్నాయని మిక్సింగ్‌బల్ల గారే చెప్తున్నారు కదా, ఉన్నదాన్ని బయటపెట్టడానికి ఏమిటి అడ్డం?

మిక్సింగ్‌బల్ల

అడిగేవాళ్ళు లేకపోవడమే అడ్డం. ఈ మధ్య సినిమాలకి ఆర్ఆర్‌ని ఆల్బమ్‌గా వేస్తున్నారు, మంచి మార్పే. బాహుబలికి అలా వేశారు. ఓటీటీలకి ఇచ్చేటప్పుడు కూడా ఎమ్ అండ్ ఇ అడుగుతారు కాబట్టి కొత్త సినిమాలవి భద్రంగానే ఉంటాయి. నా బెంగంతా 1990 నుంచి 2010 మధ్య వచ్చినవాటి గురించి.

కోడ్‌గాడు

మోనో కాలంలోవి? అవి ఇంకా ముందువి కదా.

పాతరీలు

వాటికి చానెళ్ళూ లేవు, చాలాసార్లు డబ్బింగ్ డిస్కూ దొరకదు. నా దగ్గరున్న వీసీడీల్లో ఆడియో 224 కేబీపీఎస్, అందులో చాలావాటికి ఎడమా కుడీ ఒకటే. అక్కడ మోడళ్ళే గతి. అలాగని తీసిపారేయొద్దు. 1989 నాటి శివ 2025 నవంబర్‌లో 4కెలో, డాల్బీ అట్మాస్‌తో మళ్ళీ విడుదలైంది, మోనో శబ్దాన్ని ఏఐ సాయంతో అట్మాస్‌గా మార్చామని వాళ్ళే ప్రకటించారు. మనం ఇక్కడ ఒక్క సీనుకి తంటాలు పడుతున్న పనే అది, మాట, సంగీతం, చప్పుడు విడదీయకుండా అట్మాస్‌లో దేన్నీ పక్కకి జరపలేరు. ఇళయరాజా గారి ఆర్ఆర్ హాల్లో నాలుగు వైపుల నుంచీ వినడం కోసం నేను ప్రత్యేకంగా వెళ్ళాను.

కోడ్‌గాడు

ప్రోగ్రామ్ పెట్టాను, జతచేసిన ఫైల్ చూడండి. ముక్క పొడవు 4096 శాంపిళ్ళు ఉంచాను. గమకం వేగంగా ఉంటే 2048కి తగ్గించండి, మరీ తగ్గిస్తే కింది స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫేజ్ మాత్రం మీడియన్ ఏ భాష నుంచి వచ్చిందో ఆ భాషదే తీసుకుంటుంది.

ఆర్ఆర్_ప్రేమికుడు

తమిళ డిస్కు మా బీసెంట్ రోడ్డులో, హిందీది ఆన్‌లైన్‌లో దొరికాయి. తమిళంలో ఈ సీను పూర్తిగా ఉంది. హిందీలో మొదట కొంచెం కోశారు, మిగతాది సరిపోయింది. ఎడమ చానెల్‌తో కలిపి, లెవెళ్ళు సరిచేసి, మూడు సెంటర్లూ ప్రోగ్రామ్‌లో వేశాను.

వేణువు వచ్చిందండీ. తండ్రి మాట్లాడే చోట కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ మాట కింద వినపడనిది ఇప్పుడు తెలిసింది, తండ్రి మాట మొదలుపెట్టగానే వేణువు ఆగిపోదు, కింది స్థాయికి దిగి అదే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది, ఆయన మాట ముగిసిన తర్వాతే పైకి లేస్తుంది. ఎవరికీ వినపడదని తెలిసి కూడా అక్కడ అంత జాగ్రత్తగా రాశారు. తర్వాత ఆ ఫలితాన్ని మూడు ముక్కల మోడల్‌లో వేస్తే రైలు, అడుగులు చాలావరకు పోయాయి, ఈసారి మాట లేదు కాబట్టి అది వేణువుని లాక్కుపోలేదు.

మిగిలిన చిక్కులు రెండు. మూడు భాషల్లోనూ ఒకేసారి అరిచే చోట, "నాన్నా" అన్న చోట, ఆ శబ్దం మిగిలిపోయింది. హిందీ డబ్బింగ్‌లో కూడా అక్కడ ఒరిజినల్ అరుపునే ఉంచినట్టున్నారు. రెండు, సీను చివర రైలు కూత వేణువు స్వరం మీదే పడింది, మోడల్ రెండిట్నీ కలిపి ఉంచేసింది.

మిక్సింగ్‌బల్ల

అరుపులు, ఏడుపులు, దగ్గులు చాలాసార్లు ఒరిజినల్‌వే ఎమ్ అండ్ ఇలో ఉంచేస్తారు, మీరు అనుకున్నది నిజమే. ఆ ఒక్క చోట సెంటర్ వదిలేసి ఎడమ కుడులు మాత్రం ఉంచండి, సెకను కూడా ఉండదు. అంచుల్లో మెల్లగా తగ్గించి మెల్లగా పెంచితే తెలియదు.

కూతకి స్పెక్ట్రోగ్రామ్‌లో చేత్తో చెరపాల్సిందే. కూత స్వరం కదలదు, తిన్నగా పోతుంది, వేణువు ఊగుతుంది. కూత పైన గీతలు కొన్ని వేణువుకి లేనిచోట ఉంటాయి, ముందు అవి చెరపండి, అసలు స్వరం చివర్లో. పూర్తిగా తీయకండి, సగానికి తగ్గిస్తే చాలు, మరీ తీస్తే వేణువులో కన్నం పడుతుంది.

వీణ_టీచర్

బాబూ, ఫైలు పంపమని అడగను, లా_పాయింట్ గారు చెప్పింది విన్నాను. తండ్రి మాట కింద వేణువు పట్టుకున్న స్వరం ఏమిటో చెప్తారా? మా పిల్లలకి ఈ సీను ముందు భాగం రాసి ఇచ్చాను, ఆ మధ్యలో నాకు వినపడక ఖాళీ వదిలేశాను.

ఆర్ఆర్_ప్రేమికుడు

మంద్ర పంచమం అనిపిస్తోంది మేడమ్, దాని మీద చిన్న ధైవతం స్పర్శ ఉంది. నా డిస్కు పాల్ పద్ధతిది, వేగం తగ్గించిన తర్వాత విన్నదే చెప్తున్నాను. ధైవతం ఏదన్నది నాకు నమ్మకంగా తెలియడం లేదు, కూత తీసిన తర్వాత మళ్ళీ విని రాస్తాను.

పాతరీలు

అది ఇంటర్వెల్ రీలు కదా, సీను పూర్తయ్యాక రీలు మారే చోట అలైన్‌మెంట్ మళ్ళీ తప్పుతుంది, అక్కడి నుంచి విడిగా కలుపుకోండి. తమిళం డిస్కు ఫ్రేముల లెక్క కూడా ఒకసారి చూసుకోండి, అది ఎన్టీఎస్‌సీ అయితే కలిపే ముందే తెలుగుదాని వేగం తగ్గించి ఉండాలి.

ఆర్ఆర్_ప్రేమికుడు

తమిళం, హిందీ రెండూ ఎన్టీఎస్‌సీవే, తెలుగుదాన్ని ముందే తగ్గించాను. ఇంటర్వెల్ తర్వాత రీలు ఈ ఆదివారం మొదలుపెడతాను, అందులో షెహనాయి ముక్క ఒకటుంది.